కతర్తీజో పెట్టి తూచితే: గుంటూరు బోధకుల చేతికి పనికొచ్చే గ్రీకు పరికరాలు

బైబిలు మూలంలోని గ్రీకు మాటలు చూసుకోవడానికి నాలుగు ఉచిత యాప్‌లు, సైట్లు పోల్చి చూశాం. తీర్పు ముందే చెప్పేస్తాం. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే స్టెప్ బైబిల్. ఫోన్ ఒక్కటే ఉంటే బ్లూ లెటర్ బైబిల్. సిగ్నల్ అందని పల్లెల్లో కూటాలకు వెళ్లేవాళ్లయితే మైస్వోర్డ్. వీటిలో ఏది పెట్టుకున్నా పక్కన తెలుగు పాత అనువాదం పుస్తకం తెరిచి ఉండాల్సిందే. బైబిల్ హబ్ అవసరానికి ఆదుకుంటుంది గానీ దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే ప్రసంగం పక్కదారి పడుతుంది. అన్నీ ఉచితమే, కాబట్టి తేడా డబ్బులో లేదు, పని తీరులో ఉంది.

ఈ పరికరాలన్నింటినీ ఒకే మాట మీద పెట్టి చూశాం. ఆ మాట కతర్తీజో, బాగుచేయడం, సిద్ధపరచడం అనే అర్థాలున్న క్రియ. స్ట్రాంగ్స్ నంబరు, అంటే బైబిలు మూలంలోని ఒక్కో మాటకు ఇచ్చిన సూచిక సంఖ్య, 2675. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మన వైపు "కటార్టిజో" అంటుంటారు. గ్రీకులో ఉన్నది మన తకారమే, అందుకని తెలుగులో రాసుకుంటేనే ఉచ్చారణ దగ్గరగా వస్తుంది. గుంటూరు, విజయవాడల్లో "పునరుద్ధరణ", "సిద్ధపాటు" అనే అంశాల మీద కూటాలు పెట్టినప్పుడల్లా ఈ మాట వేదిక మీదికి వస్తుంది. సెమినరీలో గ్రీకు చదివిన అయ్యగార్లకు వ్యాకరణం తెలుసు. వారమంతా ఉద్యోగం చేసుకుని శనివారం రాత్రి వాక్యం సిద్ధం చేసుకునే బోధకులకు ఫోనే దిక్కు. ఈ సమీక్ష వాళ్ల కోసం.

పరీక్షకు ఈ మాటే ఎందుకంటే, కొత్త నిబంధనలో ఇది వచ్చేది 13 చోట్లే. ఒక సాయంత్రంలో అన్నీ చదివేయొచ్చు. అదే సమయంలో పరికరం బలహీనతలన్నీ బయటపడేంత చిక్కు ఇందులో ఉంది. తెలుగు పాత అనువాదం ఈ ఒక్క క్రియను ఎన్ని రకాలుగా చెప్పిందో చూడండి. మత్తయి 4:21లో, మార్కు 1:19లో జెబెదయి కుమారులు వలలు "బాగుచేసికొనుచు" ఉన్నారు. మత్తయి 21:16లో చంటిపిల్లల నోట స్తోత్రము "సిద్ధింపజేసితివి". లూకా 6:40లో "సిద్ధుడైన" ప్రతివాడు. రోమా 9:22లో నాశనమునకు "సిద్ధపడి". 1 కొరింథీ 1:10లో "సన్నద్ధులై". 2 కొరింథీ 13:11లో "సంపూర్ణులై". గలతీ 6:1లో "మంచి దారికి తీసికొని రావలెను". 1 థెస్సలొనీక 3:10లో విశ్వాసములో ఉన్న "లోపమును తీర్చునట్లు". హెబ్రీ 10:5లో శరీరమును "అమర్చితివి", 11:3లో ప్రపంచములు "నిర్మాణమైనవి", 13:21లో "సిద్ధపరచును గాక". 1 పేతురు 5:10లో "పూర్ణులనుగా చేసి". దాదాపు డజను తెలుగు మాటలు. తెలుగు బైబిలు మాత్రమే చదివేవాళ్లకు దోనెలో వల బాగుచేయడానికీ, తప్పులో చిక్కుకున్న సహోదరుణ్ని తిరిగి నిలబెట్టడానికీ మధ్య ఉన్న దారం కనిపించే అవకాశమే లేదు. పరికరం పని ఆ దారాన్ని చూపించడం.

ఎదురు చిక్కు కూడా ఉంది. తెలుగులో ఒకే మాట కనిపించిన చోట గ్రీకులో వేరువేరు మాటలు ఉండొచ్చు. ఎఫెసీ 4:11-13 తీసుకోండి. "సంపూర్ణపురుషులమగువరకు", "క్రీస్తునకు కలిగిన సంపూర్ణత", "పరిశుద్ధులు సంపూర్ణులగునట్లు" అని తెలుగులో సంపూర్ణమే మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. గ్రీకులో మొదటిది తెలెయోస్, అంటే ఎదిగిన, పరిపక్వమైన. రెండోది ప్లేరోమా, నిండుదనం. మూడోది కతర్తిస్మోస్, మన క్రియకు పుట్టిన నామవాచకం. మూడూ ఒకటే అనుకుని "సంపూర్ణత" మీద మూడు అంశాల ప్రసంగం కట్టేస్తే ఆ కట్టడం తెలుగు మాట మీదే నిలుస్తుంది, మూలం మీద కాదు. మంచి పరికరమైతే ఈ తేడాను మూడు తాకులలో చూపించాలి.

బ్లూ లెటర్ బైబిల్ యాప్‌తో మొదలుపెడదాం, ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకు మా ఎంపిక అదే కనుక. వాడే తీరు ఇది: కింగ్ జేమ్స్ అనే పాత ఇంగ్లీషు అనువాదంలో గలతీ 6:1 తెరిచి వచనం మీద తాకాలి. వచ్చే జాబితాలో ఇంటర్‌లీనియర్ (గ్రీకు మాటలు, వాటి ఇంగ్లీషు జతగా చూపేది) ఎంచుకుంటే ఒక్కో మాట పక్కన దాని నంబరు వస్తుంది. 2675 మీద తాకితే నిఘంటువు పేజీ. ఆ పేజీలో పైనుంచి కిందికి ఉచ్చారణ, మాట పుట్టుక, కింగ్ జేమ్స్‌లో ఏ ఇంగ్లీషు మాటగా ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క, అర్థాల పట్టిక, థాయర్ నిఘంటువు, చివర 13 వచనాలు ఉంటాయి. చదవాల్సిన క్రమం దీనికి సరిగ్గా తలకిందులు. ముందు అట్టడుగుకి పోయి 13 వచనాలు చదివి, ఆ తర్వాతే పైకి రావాలి. పైనుంచి చదివినవాళ్లు చేసే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే: కింగ్ జేమ్స్ లెక్కను అర్థాల లెక్క అనుకుంటారు. "ఈ మాటకి తొమ్మిది అర్థాలు" అని వేదిక మీద చెప్పేది అలాంటి పేజీ చూసే. అది 1611 నాటి ఇంగ్లీషు అనువాదకులు వాడిన మాటల చిట్టా. అందులో ఎక్కువసార్లు కనిపించే పర్ఫెక్ట్ అనే మాటకు అప్పట్లో పూర్తిచేయడం, కొరత తీర్చడం అనే అర్థం బలంగా ఉండేది. ఇవాళ్టి ఇంగ్లీషు చెవితో వింటే "ఏ లోపమూ లేని మనిషి" అని వినపడుతుంది. 2 కొరింథీ 13:11 మీద "పాపమే చేయని స్థితికి రండి" అనే ప్రసంగాలకు ఇదొక మూలం.

ఆ పేజీలోని థాయర్ నిఘంటువు మంచిదే, పాతది. 1886 నాటిది. ఈజిప్టులో ఆక్సిరింకస్ తవ్వకాలు 1896లో మొదలయ్యాయి. మామూలు జనం రాసుకున్న ఉత్తరాలు, రసీదులు, ఒప్పందాలు ఆ ఇసుకలోంచి బయటికి వచ్చాక కొత్త నిబంధన గ్రీకు మీద అవగాహన మారింది. థాయర్‌కి అవేవీ అందలేదు. కతర్తీజో విషయంలో అదృష్టవశాత్తు ఆయన అర్థ విభజన ఇప్పటికీ నిలుస్తుంది: చిరిగినదాన్ని, విరిగినదాన్ని బాగుచేయడం, కావలసినవన్నీ సమకూర్చి సిద్ధం చేయడం, అమర్చడం, మనిషిని ఉండవలసిన స్థితికి తేవడం. ఇతర మాటల్లో ఇంత ధీమా పనికిరాదు.

ఇప్పుడు ఆ యాప్‌లో అసలు లోటు. 2675 నొక్కితే 13 వచనాలూ వస్తాయి, ఎఫెసీ 4:12 మాత్రం రాదు. సంఘాన్ని సిద్ధపరచడం గురించి అందరూ ఎత్తే వచనమే జాబితాలో ఉండదు. కారణం మామూలే: అక్కడున్నది నామవాచకం కతర్తిస్మోస్, దాని నంబరు 2677, కొత్త నిబంధనలో ఆ ఒక్కచోటే ఉంది. అలాగే 2 కొరింథీ 13:9లోని కతర్తిసిస్‌కు 2676. 2 కొరింథీ 9:5లో చందాను ముందుగా సమకూర్చడానికి వాడిన ప్రోకతర్తీజోకు 4294. 2 తిమోతి 3:17లో "సన్నద్ధుడై" అన్నది అర్తియోస్, 739. "పూర్ణముగా సిద్ధపడి" అన్నది ఎక్సర్తీజో, 1822. ఇదంతా ఒకే కుటుంబం. నంబరుతో వెతికేవాళ్లకు కుటుంబం కనపడదు, ఒక్క మనిషే కనపడతాడు. యాప్ ఏదైనా ఈ ఆరు నంబర్లూ కాగితం మీద రాసిపెట్టుకుని ఒక్కోటీ తెరవాలి.

స్టెప్ బైబిల్ ఇక్కడే ముందుకెళ్తుంది. కేంబ్రిడ్జిలోని టిండేల్ హౌస్ తయారుచేసినది. బ్రౌజర్లో నేరుగా తెరుచుకుంటుంది, కంప్యూటర్‌లోకి దింపుకుంటే ఇంటర్నెట్ లేకుండా కూడా నడుస్తుంది. వెతికే పెట్టెలో గలతీ 6:1 ఇంగ్లీషులో కొట్టి, వచ్చిన వచనంలో ఆ మాట మీద నొక్కితే పక్క పలకలో నిఘంటువు వస్తుంది. అందులోనే సంబంధమున్న మాటలు కూడా ఉంటాయి కాబట్టి కుటుంబం ఒకచోట దొరుకుతుంది. నిఘంటువు రెండు అంతస్తుల్లో ఉంటుంది: పైన 1922 నాటి అబ్బట్-స్మిత్ ఆధారంగా చేసిన చిన్న వివరణ, దాని కింద లిడెల్-స్కాట్-జోన్స్ పెద్ద నిఘంటువు. గ్రీకు కీబోర్డు అక్కర్లేదు, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా మాటను పడుతుంది. ఫోన్ తెర మీద మాత్రం ఆ పక్క పలక వచనాన్ని కప్పేస్తుంది, వేలితో సరైన మాట మీద తాకడం కష్టం. ఫోన్‌లో దీనికి మార్కులు తగ్గించక తప్పదు.

సెప్తువగింత్‌ను, అంటే పాత నిబంధన గ్రీకు అనువాదాన్ని, పక్క నిలువు వరసలో పెట్టుకోగలగడం స్టెప్‌లో ఇంకో గొప్ప సుఖం. హెబ్రీ 10:5 చదివి, అది ఎత్తి చూపిన కీర్తన 40:6 తెలుగులో తెరిస్తే తికమక మొదలవుతుంది. ఇక్కడ "నాకొక శరీరమును అమర్చితివి", అక్కడ "నీవు నాకు చెవులు నిర్మించియున్నావు". తెలుగు పాత నిబంధన హీబ్రూను అనుసరించింది, హెబ్రీ పత్రిక రాసినాయన గ్రీకు అనువాదాన్ని ఎత్తుకున్నాడు, ఆ గ్రీకులో ఉన్నది కతేర్తిసో. మత్తయి 21:16దీ అదే కథ: అక్కడ స్తోత్రము సిద్ధింపజేసితివి, కీర్తన 8:2లో "దుర్గమును స్థాపించి యున్నావు". కూటంలో ఎవరో ఒక పెద్దాయన లేచి ఈ తేడా అడుగుతారు. రెండు వరసలూ పక్కపక్కన చూసినవాళ్లే నిమిషంలో జవాబు చెప్పగలరు. అదే సెప్తువగింత్‌లో ఎజ్రా 4, 5, 6 అధ్యాయాలు కూడా తెరవండి. యెరూషలేము ప్రాకారాలు, మందిరం తిరిగి కట్టడానికి ఈ క్రియే పదేపదే వస్తుంది. కూలిన గోడను లేపడం అనే చిత్రం కావాలంటే సాక్ష్యం అక్కడ బలంగా ఉంది. ఆశ్చర్యంగా దాన్ని ఎవరూ వాడరు.

అందరూ వాడేది ఎముక కథ. "కతర్తీజో అంటే విరిగిన ఎముకను వైద్యుడు అతికించడం, గలతీ 6:1లో పౌలు చెప్పింది అదే" అని ఖాయంగా చెప్పేస్తారు. స్టెప్‌లోని పెద్ద నిఘంటువు, లేదా ఫోన్‌లో లోగెయాన్ అనే గ్రీకు నిఘంటువుల యాప్ తెరిచి చూస్తే సంగతి కొంచెం వేరుగా ఉంటుంది. వైద్యులు ఈ మాటనూ దీని నామవాచకాన్నీ వాడిన మాట నిజమే. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దపు వైద్యుడు అపొల్లోనియస్ రాతల్లో ఉంది. కానీ ఆయన రాసింది హిప్పోక్రటీస్ కీళ్ల గ్రంథం మీద. అక్కడి సంగతి ఎముక విరగడం కన్నా కీలు తప్పడం, తప్పిన కీలును చోటుకు తేవడం. ఆ బొమ్మ గలతీ వచనానికి బాగా నప్పుతుంది, అందులో సందేహం లేదు: లోపలికి తోసి కూర్చోబెట్టేవాడి చేతికి సాత్వికం కావాలి. పౌలు మనసులో ఆ బొమ్మే ఉందని రుజువు మాత్రం లేదు. "ఈ మాటను వైద్యులు కీలు సర్దడానికి కూడా వాడేవారు" అని చెబితే నిజం చెప్పినట్టు. "ఈ మాటకు అర్థమే ఎముక అతకడం" అంటే అబద్ధం చెప్పినట్టు. తెలుగులోని "మంచి దారికి" కూడా ఇలాంటిదే. ఆ దారి గ్రీకులో లేదు, అనువాదకుల నుడికారం. దాని మీద తప్పిపోయిన గొర్రె కథ కట్టడం వినసొంపుగా ఉంటుంది గానీ ఆ గొర్రె వేరే వచనానిది.

లోగెయాన్‌లో ఇంకో సాక్ష్యం దొరుకుతుంది, మా దృష్టిలో ఎముక కన్నా విలువైనది. ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ అయిదో పుస్తకం, 28వ విభాగం. మిలేతు పట్టణం రెండు తరాల పాటు అంతఃకలహంతో "జబ్బుపడి" ఉంటే పారోస్ ద్వీపంవాళ్లు వచ్చి దాన్ని సరిచేశారు. క్రియ ఇదే. చేసిన తీరు తర్వాతి విభాగంలో ఉంది: దేశమంతా తిరిగి, పాడుబడ్డ పొలాల మధ్య ఎక్కడైనా చక్కగా దున్ని సాగుచేసిన చేను కనపడితే ఆ యజమాని పేరు రాసుకున్నారు. చివరికి ఆ కొద్దిమందికే పట్టణ పాలన అప్పగించారు. సొంత పొలాన్ని చూసుకున్నట్టే ఊరినీ చూసుకుంటారన్నది వాళ్ల తర్కం. ఇప్పుడు 1 కొరింథీ 1:10 చదవండి. "మీలో కక్షలు లేక" అన్న వెంటనే "సన్నద్ధులై యుండవలెను" అని వస్తుంది. సన్నద్ధులు అనగానే మన చెవికి యుద్ధానికి తయారైన సైన్యం వినిపిస్తుంది. చీలిన సమాజాన్ని మళ్లీ ఒకటిగా సర్దడం అనే వాడుక గ్రీకులో శతాబ్దాల ముందునుంచే ఉందని తెలిస్తే ఆ వచనం స్వరమే మారుతుంది. సంఘంలో రెండు వర్గాలైన చోట మాట్లాడమని పిలిచినవాళ్లకు ఇది ఎముక కథ కన్నా పదింతలు పనికొస్తుంది.

వలల సంగతి కూడా తేల్చాలి. నిజాంపట్నం రేవులోనో కృష్ణ ఒడ్డునో వల బాగుచేయడం దగ్గరగా చూస్తే మత్తయి 4:21 స్పష్టమవుతుంది. చిరిగిన చోట గుడ్డముక్క వేసినట్టు వేయరు. ముందు తెగిన దారపు కొసలు కత్తిరించి, ముడి నుంచి ముడికి శుభ్రం చేస్తారు. అంటే కంత మొదట పెద్దదవుతుంది. మూడు కాళ్లు, అంటే మూడు దారాలు, మిగిలిన ముడి దగ్గర మొదలుపెట్టి, పాత కళ్ల (వల గడుల) కొలతే వచ్చేలా వరసగా అల్లుకుంటూ పోయి, మరో మూడు కాళ్ల ముడి దగ్గర ముగిస్తారు. కన్ను కొలత తేడా వస్తే బరువంతా ఒకచోట పడి వల మళ్లీ అక్కడే తెగుతుంది. మాసిక వేయడానికి మార్కు వేరే క్రియ వాడాడు, 2:21లో, పాతబట్టకు కొత్తగుడ్డ దగ్గర. వలలు కడగడానికి లూకా 5:2లో ఇంకోటి. పరికరం మీద వేసే చిన్న పరీక్ష ఇది: మార్కు 1:19, మార్కు 2:21 రెండూ పక్కపక్కన తెరిచి నంబర్లు వేరుగా చూపిస్తోందా లేదా. నాలుగూ నెగ్గాయి.

బైబిల్ హబ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గూగుల్లో మాట కొడితే ముందుగా తగిలేది అదే. ఒక్కో వ్యాకరణ రూపం ఎక్కడ వచ్చిందో విడగొట్టి చూపే పేజీ దాని బలం. లూకా 6:40లోని కతేర్తిస్మెనోస్ పూర్తయిన స్థితిని చెప్పే రూపమనీ, గలతీలోని కతర్తీజెతె సాగుతున్న పనిని చెప్పే ఆజ్ఞ అనీ ఆ పేజీలో తేలిగ్గా పట్టుకోవచ్చు. హెబ్రీ 13:21లోనూ 1 థెస్సలొనీక 3:10లోనూ కతర్తిసాయ్ అని అచ్చంగా ఒకే రూపం కనిపిస్తుంది. మొదటిది "గాక" అని కోరే రూపం, రెండోది "తీర్చునట్లు" అనే రూపం. కింద ఉన్న వ్యాకరణ గుర్తు చదవకపోతే తేడా తెలియదు. బలహీనత ఏమిటంటే ఉపసర్గను, ధాతువును విడగొట్టి అర్థం చెప్పే భాగం అందరికీ ఇట్టే నచ్చేస్తుంది. అర్తియోస్ అంటే సరి, తగినది. గ్రీకు గణితంలో సరి సంఖ్యకు కూడా అదే మాట. మన "సరి" లోనూ సరి-బేసి, సరిచేయు రెండూ ఉన్నాయి కాబట్టి తెలుగువాళ్లకు ఇది చప్పున గుర్తుంటుంది. గుర్తుపెట్టుకోవడానికి వాడుకోండి, రుజువుగా వాడకండి. మాట అర్థం దాని వాడుకలో ఉంటుంది, పుట్టుకలో కాదని బైబిలు పండితుడు జేమ్స్ బార్ 1961లోనే గట్టిగా వాదించాడు. ఒక మాటకున్న అర్థాలన్నీ తెచ్చి ఒకే వచనంలో కుమ్మరించడం కూడా తప్పేనన్నాడు. గలతీ 6:1లో వల, గోడ, కీలు, పట్టణం అన్నీ ఒకేసారి చూపిస్తే జరిగేది అదే.

మైస్వోర్డ్ ఆండ్రాయిడ్ యాప్. పుస్తకాలు ఒకసారి దింపుకుంటే ఆ తర్వాత నెట్ అక్కర్లేదు. స్ట్రాంగ్స్ నంబర్లున్న కింగ్ జేమ్స్, థాయర్ రెండూ దింపుకోండి. చూడ్డానికి పాతకాలపు యాప్‌లా ఉంటుంది, మెనూలు ముద్దముద్దగా ఉంటాయి, మొదటి గంట విసిగిస్తుంది. దింపుకునే పని ఊరు బయల్దేరకముందే వైఫై దగ్గర చేసుకోవాలి. అక్కడికెళ్లాక దింపుకుందామనుకుంటే అయ్యే పని కాదు.

అన్నింటికీ ఉమ్మడి లోటు ఒకటుంది: తెలుగు పాత అనువాదంలోని మాట మీద వేలు పెడితే గ్రీకు రాదు. తెలుగు నుంచి ఇంగ్లీషుకు, అక్కడినుంచి నంబరుకు పోవాలి. ఈ మలుపులో దొర్లే తప్పులు రోమా 9:22-23లో బాగా కనిపిస్తాయి. తెలుగులో నాశనమునకు "సిద్ధపడి", మహిమకు "ముందుగా సిద్ధపరచిన" అని రెండు చోట్లా సిద్ధమే. గ్రీకులో మొదటిది 2675, రెండోది ప్రోయెతొయ్మాజో, 4282. రెండోదానికి కర్త ఎవరో వాక్యమే చెబుతుంది. మొదటిది ఎవరు చేశారో ఆ క్రియారూపం చెప్పదు, దాన్ని కర్మణిగానూ చదవొచ్చు, తమంతట తాము సిద్ధపడ్డట్టూ చదవొచ్చు. తెలుగు "సిద్ధపడి" అని ఈ రెండో చదువునే ఎంచుకుంది. దైవనిర్ణయం మీద వాదించుకునేవాళ్లు ఈ రెండు నంబర్లూ చూశాకే నోరు విప్పితే మంచిది.

ఎఫెసీ 4లో ఇంకో ఇబ్బంది. క్రియ చివర రావాల్సిన తెలుగు వాక్యం కాబట్టి అనువాదకులు వరస తిప్పారు. ఇంగ్లీషులో 13వ వచనంలో ఉన్న "మనమందరము... ఏకత్వముపొంది" తెలుగులో ముందే వచ్చేస్తుంది. యాప్‌లో 12 తెరిచి, తెలుగులో 12 అనుకున్న చోట వెతికితే మాట దొరకదు. 11 నుంచి 13 దాకా ఒక్క ముద్దగా చదవాలి. ఇంకా పెద్ద సంగతి, గ్రీకు 12వ వచనంలో పరిశుద్ధుల సిద్ధపాటు, పరిచర్య పని, క్రీస్తు శరీర క్షేమాభివృద్ధి అనే మూడు అంశాలకు ముందు మూడు విభక్తి పదాలున్నాయి: మొదటిదానికి ప్రోస్, తర్వాతి రెంటికీ ఎయిస్. మూడూ కాపరుల పనులేనని కింగ్ జేమ్స్ కామాలు అనిపిస్తాయి. ఇప్పటి అనువాదాలు చాలావరకు "పరిచర్య పని చేయడానికి పరిశుద్ధులను సిద్ధపరచడం" అని ఒకే గొలుసుగా చదువుతాయి. మొదటి లెక్కన పరిచర్య అయ్యగారిది, రెండో లెక్కన సంఘంలో ప్రతివారిదీ. "పరిశుద్ధులు సంపూర్ణులగునట్లు... పరిచర్య ధర్మము జరుగుటకును" అన్న తెలుగులో పరిచర్య ఎవరు చేస్తారన్నది తేలదు. మాకు గొలుసు చదువే సబబుగా తోస్తుంది, విభక్తి పదం మారడం దానికి కొంత ఆధారం. ఆధారం కొంతే, రుజువు కాదు. ఏ యాప్ అయినా ఈ వాదాన్ని నిఘంటువు పేజీలో చెప్పదు, ఎందుకంటే సమస్య మాటలో లేదు, వాక్యంలో ఉంది.

1 పేతురు 5:10 దగ్గర మూల ప్రతుల తేడా తగులుతుంది. కింగ్ జేమ్స్‌లో నాలుగు క్రియలు, తెలుగులో "పూర్ణులనుగా చేసి స్థిరపరచి బలపరచును" అని మూడే. పునాది వేయడం అనే నాలుగో క్రియ కొన్ని ప్రాచీన ప్రతుల్లో లేదు. పైగా కింగ్ జేమ్స్ వెనకున్న గ్రీకులో ఇవి "చేయును గాక" అనే కోరిక, పాత ప్రతుల్లో "చేయును" అనే వాగ్దానం. తెలుగు వాగ్దానం వైపు ఉంది. బ్లూ లెటర్‌లో కింగ్ జేమ్స్ ఒక్కటే తెరిచినవాళ్లకు "తెలుగులో ఒక మాట పోయింది" అనిపిస్తుంది. స్టెప్‌లో ఎస్‌బీఎల్ అనే ఇప్పటి పండితుల గ్రీకు పాఠం పక్కన పెడితే ఏ పాఠంలో ఏ రూపం ఉందో వెంటనే కనపడుతుంది.

పని పూర్తయ్యే పద్ధతి ఒకటి చెప్పి ముగిస్తాం. ఏ4 కాగితం అడ్డంగా పెట్టి నాలుగు గడులు గీయండి: వచనం, తెలుగు పాత అనువాదంలోని మాట, గ్రీకు రూపం, ఎవరు ఎవరికి లేక దేనికి చేస్తున్నారు. 13 వరసలు 2675కి, మిగతా అయిదు నంబర్లకు ఒక్కో వరస, రెండుచోట్ల వచ్చే 1822కి మాత్రం రెండు. నాలుగో గడి నింపడానికే ఎక్కువసేపు పడుతుంది, ఫలితం కూడా అందులోనే ఉంది: వలలకు జాలరులు, సహోదరుడికి సంఘం, సంఘానికి దేవుడు, లోకాలకు దేవుని వాక్యం. తెలుగు గడిని పుస్తకం చూసి చేత్తో రాయండి, యాప్ నుంచి కాపీ చేస్తే ఎఫెసీ 4 దగ్గర వచనం నంబరు తప్పుతుంది. అరండల్‌పేట, బ్రాడీపేటల్లో ఏ జిరాక్స్ షాపులోనైనా పది కాపీలు తీయించి బైబిలు స్టడీలో పంచవచ్చు. గ్రీకు గడి ఇంగ్లీషు అక్షరాల్లో కాకుండా తెలుగులో నింపితే చదివేవాళ్ల నోట "కటార్టిజో" తిరిగి రాకుండా ఉంటుంది.